ఎవరూ కోడ్ ముట్టుకోలేదు, టెస్టులు ఎర్రగా ఉన్నాయి: బయటి ప్యాకేజీ కొత్త వెర్షన్ తేడా కొడితే మీరేం చేస్తారు?

కరకంబాడి_రోడ్డు · సోమవారం ఉదయం 11:20

తిరుపతిలో నలుగురం కలిసి నడుపుకుంటున్న చిన్న ఆఫీసు మాది. చిత్తూరు, దామలచెరువు వైపు మామిడి మండీలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. లోడు బండి తూకం, ఖాళీ బండి తూకం, తరుగు, కమీషన్, చివరికి రైతు చేతికి ఎంత. పని ఇంతే, కానీ తోతాపురి సీజన్‌లో రాత్రి రెండింటికి కూడా ఫోన్ మోగుతుంది.

ఈరోజు తొమ్మిదికి వచ్చి చూస్తే సీఐలో (టెస్టులను దానంతట అదే నడిపే సర్వర్) 212 టెస్టులకు 61 ఫెయిల్. శనివారం సాయంత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆదివారం ఎవరూ పని చేయలేదు. శనివారం చివరిగా మెర్జ్ చేసింది, అంటే తన మార్పు అసలు కోడ్‌లో కలిపింది, కొత్తగా చేరిన ట్రైనీ. చీటీలో ఫాంట్ సైజు మార్చాడు. ఆ పిల్లాడిని పిలిచి గంటసేపు క్లాసు పీకాను, అతను చేసిన మార్పు వెనక్కి తీసేశాను. అయినా 61 అలాగే ఉన్నాయి. నా లాప్‌టాప్‌లో మాత్రం 212కి 212 పాస్.

ఆ తర్వాత గానీ లాగ్ మొదటి నుంచి చదవాలని తట్టలేదు. మేము ఎక్సెల్ షీట్ల కోసం ఒక ప్యాకేజీ (బయటివాళ్ళు రాసి పెట్టిన రెడీమేడ్ కోడ్) వాడతాం. దాని కింద ఇంకో చిన్న ప్యాకేజీ ఉందట, దాని పేరు మా రిక్వైర్‌మెంట్స్ ఫైల్లోనే (మాకు కావలసిన ప్యాకేజీల జాబితా) లేదు. ఆదివారం రాత్రి దాని 4.2.0 వచ్చింది. అందులో ఒక పాత ఫంక్షన్ తీసేశారు. పైనున్న ఎక్సెల్ ప్యాకేజీ ఇంకా దాన్నే పిలుస్తోంది. పేర్లు రాయడం లేదు. ఇద్దరు మనుషులు ఖాళీ దొరికినప్పుడు నడుపుకునే ప్యాకేజీ, వాళ్ళకు ఊరికే తిట్లు పెట్టించడం ఎందుకు.

ఇప్పుడు నేనేం చేయాలి? వాళ్ళు సరిచేసేదాకా ఆగాలా? ఆ 61 టెస్టులు స్కిప్ పెట్టేయాలా? మీ ఆఫీసుల్లో ఏం చేస్తారు?

---

మూడో_సంవత్సరం · సోమవారం ఉదయం 11:34

అన్నా, ఒక డౌటు. మీ లాప్‌టాప్‌లో ఎందుకు పాస్ అయ్యాయి? కోడ్ అదే కదా?

---

పాతకాపు · సోమవారం మధ్యాహ్నం 12:05

మూడో_సంవత్సరం, కోడ్ అదే, కింద నేల వేరు. ఆయన లాప్‌టాప్‌లో ఎప్పుడో ఎక్కించిన పాత వెర్షన్ కదలకుండా కూర్చుని ఉంటుంది. సీఐ అలా కాదు, ప్రతి రన్‌కీ ఖాళీ మెషిన్ తీసుకుని అన్నీ మళ్ళీ దించుకుంటుంది. వెర్షన్ ఇంత అని చెప్పకపోతే ఆ నిమిషానికి ఏది కొత్తదైతే అది తెచ్చుకుంటుంది.

కరకంబాడి గారూ, ఇలాంటప్పుడు నేను చేసే మొదటి పని ఒకటే. చివరిగా పాసైన రన్‌లో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ ఎక్కిందో, ఫెయిలైన రన్‌లో ఏది ఎక్కిందో, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాను. పైథాన్ ప్యాకేజీలు దించేది పిప్ కదా, సీఐలో ఇన్‌స్టాల్ అయిపోయాక పిప్ ఫ్రీజ్ అని ఒక్క లైను వేసి పెట్టుకుంటే చాలు, జాబితా లాగ్‌లోనే ఉంటుంది. తేడా వచ్చే వరుసలు రెండో మూడో ఉంటాయి, దొంగ అక్కడే దొరుకుతాడు. ఆ ఒక్క లైను ఉండి ఉంటే మీ ట్రైనీకి గంట క్లాసు తప్పేది.

ఇది కొత్త రోగమేం కాదు. 2022 ఫిబ్రవరిలో మార్కప్‌సేఫ్ అనే పైథాన్ ప్యాకేజీ 2.1.0 వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. సాఫ్ట్ యూనికోడ్ అనే ఫంక్షన్ తీసేశారు, జింజా 2 (వెబ్ పేజీల టెంప్లేట్ల ప్యాకేజీ) పాత వెర్షన్లు దాన్నే ఇంపోర్ట్ చేసుకుంటున్నాయి, అంటే లోపలికి తెచ్చుకుంటున్నాయి. ఆ పాత జింజా మీద ఆధారపడిన ప్రాజెక్టులన్నీ ఒక్కసారిగా పడ్డాయి. వాటిలో చాలావాటి రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో మార్కప్‌సేఫ్ అనే మాటే లేదు. చుట్టం వెంట వచ్చిన చుట్టం అది, భోజనానికి కూర్చునేదాకా వచ్చినట్టే తెలియదు.

స్కిప్ మాత్రం వద్దు. ఇవాళ్టికి ఆ ఒక్క వెర్షన్‌ను తోసిపుచ్చండి. ఒక కన్‌స్ట్రెయింట్స్ ఫైలు పెట్టి అందులో ఆ ప్యాకేజీ పేరు, పక్కన != 4.2.0 (4.2.0 తప్ప ఏదైనా సరే) అని రాయండి. పైన కామెంట్‌గా తారీఖు, ఎందుకు రాశారో ఒక ముక్క, వాళ్ళ దగ్గర వేసిన ఇష్యూ (ఫిర్యాదు) లింకు కూడా. కన్‌స్ట్రెయింట్స్ ఫైల్లో పేరు రాసినంత మాత్రాన అది ఇన్‌స్టాల్ అవదు. ఎవరైనా దాన్ని లాక్కొస్తే ఏ వెర్షన్ రావాలో చెబుతుంది, అంతే. మీకు కావలసింది అదే.

---

నోడ్_నాయన · సోమవారం మధ్యాహ్నం 12:40

2020లు దాటుకుంటూ పోతున్నాం, ఇంకా లాక్‌ఫైల్ (ప్రతి ప్యాకేజీకీ ఏ వెర్షన్ అన్నది ఖాయంగా రాసిపెట్టే ఫైలు) లేకుండా సీఐ నడుపుతున్నారా సామీ!

మా జావాస్క్రిప్ట్ వాళ్ళం 2016 మార్చిలోనే దెబ్బ తిన్నాం. లెఫ్ట్‌ప్యాడ్ అని 11 లైన్ల ప్యాకేజీ, మాటకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో పెట్టడమే దాని పని. దాని రచయిత ఏదో గొడవలో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి) నుంచి తీసేశాడు. దాని మీద ఆధారపడిన బేబెల్ లాంటి టూల్స్ ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆ తర్వాతే ఎన్‌పీఎం వాళ్ళు ప్యాకేజీలను అలా ఇష్టం వచ్చినట్టు తీసేయకుండా రూల్స్ బిగించారు.

సీఐలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అనే కమాండ్ కాదు, ఎన్‌పీఎం సీఐ అనే కమాండ్ వాడతాం. లాక్‌ఫైల్లో ఉన్నది ఉన్నట్టు దించుతుంది, తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. పైథాన్‌లో కూడా లాక్ చేసే టూల్స్ పిప్-కంపైల్, పొయెట్రీ, యూవీ, బోలెడున్నాయి. అన్నీ లాక్ చేసెయ్, హాయిగా నిద్రపో.

---

పాతకాపు · సోమవారం మధ్యాహ్నం 1:15

లాక్ చేయాలి, కాదనను. హాయిగా నిద్రపో అన్నదగ్గరే పేచీ.

2023 జులైలో సైథాన్ (పైథాన్ లాంటి కోడ్‌ను సీ భాషలోకి మార్చే టూల్) 3.0 వచ్చింది. అప్పట్లో నా ప్రాజెక్టులో ప్రతి ప్యాకేజీ చివరి చుక్క దాకా లాక్ చేసి ఉంది. పైయామల్ (యామల్ ఫైళ్ళు చదివే ప్యాకేజీ) 5.4.1 కూడా. అయినా పొద్దున్నే బిల్డ్ పడిపోయింది. ఎందుకంటే మా మెషిన్‌కు సరిపడే వీల్ (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీ ఫైలు) లేక పైయామల్‌ను పిప్ సోర్స్ నుంచి కట్టుకుంటోంది. కట్టడానికి సైథాన్ కావాలి. ఆ సైథాన్‌ను పిప్ విడిగా, ఒక తాత్కాలిక గదిలో కొత్తగా దించుకుంటుంది, నా రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఆ గదిలోకి తొంగి కూడా చూడదు. పాత సైథాన్‌తో కట్టాల్సిందాన్ని కొత్త సైథాన్‌తో కట్టబోయి బొక్కబోర్లా పడింది. పిప్ కన్‌స్ట్రెయింట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (మెషిన్‌లో పెట్టే సెట్టింగ్) సైథాన్ 3 కంటే తక్కువే కావాలని చెబితే అప్పటికి గట్టెక్కాం. తర్వాత పైయామల్ 6.0.1 వచ్చింది.

ఇంట్లోని తలుపులన్నీ వేశాననుకున్నాను, పెరటి తలుపు ఒకటి ఉందని ఆరోజే తెలిసింది.

---

టెస్టర్_అక్క · సోమవారం సాయంత్రం 6:50

బైరాగిపట్టెడ నుంచి, పదకొండేళ్ళుగా టెస్టింగ్. మీరంతా ప్యాకేజీల గురించి మాట్లాడుతున్నారు, నేను ఎరుపు గురించి చెబుతా.

మొదటి విషయం. 61 ఫెయిల్ అన్నారు. అది 61 కాదు, ఒక్కటే ఫెయిల్, 61 సార్లు లెక్కపడింది. ఒకే ఫిక్స్‌చర్ (టెస్టుల ముందు అన్నీ సిద్ధం చేసే ఉమ్మడి కోడ్) ఒకే ఇంపోర్ట్ చేయబోయి పడింది, దాన్ని వాడే టెస్టులన్నీ వరుసగా పడ్డాయి. ఎప్పుడైనా అంకె చూసి టెన్షన్ పడకుండా ఎర్రర్ మెసేజ్‌లు ఎన్ని రకాలున్నాయో చూడండి. ఒకే రకం అయితే మీ లాజిక్ చెడిపోయి ఉండే అవకాశం తక్కువ.

రెండోది. ఇంతకు ముందు నేను చేసిన ఒక చోట సీఐ నెలల తరబడి ఎర్రగానే ఉండేది. ఎవరిని అడిగినా "అది బయటి ప్యాకేజీ వల్లలే అక్కా" అనేవాళ్ళు. నిజంగానే మొదట్లో బయటి ప్యాకేజీ వల్లే. తర్వాత ఆ ఎరుపు చాటున మన సొంత తప్పులు మూడు దూరాయి. జీఎస్టీ లెక్క తప్పింది కూడా అందులోనే. కస్టమర్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎర్రగా ఉన్నదాన్ని చూడటం అందరూ ఎప్పుడో మానేశారు.

మూడోది ప్రశ్న. సీఐ సరే, మండీల్లో ఉన్న మెషిన్లకు ఏ వెర్షన్ వెళుతోంది?

---

కరకంబాడి_రోడ్డు · సోమవారం సాయంత్రం 7:30

పాతకాపు గారు చెప్పినట్టే != 4.2.0 పెట్టాను, 212 పచ్చబడ్డాయి. చాలా థ్యాంక్స్.

అక్కా, మండీ మెషిన్లలో సీజన్ మొదట్లో ఎక్కించిందే నడుస్తోంది, వాటిని కదిలించం. కాబట్టి భయం లేదనుకుంటున్నా.

---

టెస్టర్_అక్క · సోమవారం సాయంత్రం 7:34

సీజన్ మధ్యలో కొత్త మెషిన్ పెడితే?

---

కరకంబాడి_రోడ్డు · బుధవారం ఉదయం 6:10

అక్కా, మీ నోట్లో ఏముందో గానీ.

నిన్న మధ్యాహ్నం ఒక మండీలో పాత కంప్యూటర్ కరెంటు పోయి వచ్చేసరికి లేవలేదు. మావాడు బైకు మీద వెళ్ళి కొత్త దాంట్లో అన్నీ ఎక్కించి వచ్చాడు. ఎక్కించే స్క్రిప్ట్‌లో కన్‌స్ట్రెయింట్స్ ఫైలు పెట్టడం నేను మరిచిపోయాను. పెట్టి ఉన్నా లాభం లేదు, ఎందుకంటే నిన్న ఉదయమే 4.2.1 వచ్చింది. నేను తోసిపుచ్చింది 4.2.0ని కదా.

4.2.1లో తీసేసిన ఫంక్షన్ మళ్ళీ పెట్టారు, కాబట్టి ఏదీ ఆగలేదు. అన్నీ నడిచాయి. ఈరోజు తెల్లవారి ఐదింటికి యజమాని ఫోన్. రాత్రి మెయిల్‌లో వెళ్ళిన ఎక్సెల్ షీట్‌లో టన్నుల కాలమ్ చూశాడు. 12.480 ఉండాల్సిన చోట 12.48 ఉంది. కంప్యూటర్‌కు రెండూ ఒకటే. మండీలో మాత్రం చుక్క తర్వాత మూడు అంకెలంటే కిలోలు, 12 టన్నుల 480 కిలోలు అని చదువుతారు. 12.48 అని ఉంటే ఆయన 12 టన్నుల 48 కిలోలు అని చదివాడు. ఒక్క బండి మీద 432 కిలోలు ఎగిరిపోయాయి! సున్నాతో ముగిసే ప్రతి బండీ అలాగే. రైతుకు ఇచ్చే చీటీలో సరిగ్గానే ఉంది, అది వేరే కోడ్, కాబట్టి బతికిపోయాం. కానీ యజమాని చేతిలో ఒక లెక్క, రైతు చేతిలో ఇంకో లెక్క అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

సీఐలో ఇప్పుడు ఒక్క టెస్టు ఎర్రగా ఉంది. ఆ మూడు అంకెల టెస్టే. ఎప్పుడో ట్రైనీ చేత రాయించింది, ఇది కూడా ఎందుకని అప్పుడు నేనే అన్నాను.

ఇప్పుడు దీన్ని ఎక్స్‌ఫెయిల్ (ఫెయిలవుతుందని తెలుసు, పట్టించుకోవద్దు అనే మార్కు) పెట్టి మిగతా పని సాగనివ్వాలా?

---

టెస్టర్_అక్క · బుధవారం ఉదయం 6:25

ససేమిరా పెట్టకండి.

ఎక్స్‌ఫెయిల్ దేనికంటే, వాడేవాడి కంటికి కనపడనిదానికి. ఉదాహరణకు వార్నింగ్ మెసేజ్‌లో మాటలు మారాయి, మీ టెస్టు ఆ మాటల కోసమే చూస్తోంది, అలాంటివాటికి. అప్పుడు కూడా టెస్టులు నడిపే పైటెస్ట్‌లో స్ట్రిక్ట్ అనే సెట్టింగ్ ఆన్ చేసి, కారణం రాసి పెట్టాలి. స్ట్రిక్ట్ ఆన్‌లో ఉంటే అవతలివాళ్ళు బాగుచేసిన రోజున ఆ టెస్టు అనుకోకుండా పాసై, పైటెస్ట్ దాన్నే ఫెయిల్‌గా చూపిస్తుంది. గుర్తుపెట్టుకుని తీసేయాల్సిన పని మనది కాదు, అదే గుర్తుచేస్తుంది. ఇంకొకటి, ఇంపోర్ట్ దగ్గరే ఫైలంతా పడిపోతే ఎక్స్‌ఫెయిల్ మార్కు పనికిరాదు. టెస్టులు పోగేసే దశలోనే ఎర్రర్ వస్తుంది, మార్కు దాకా వెళ్ళనే వెళ్ళదు.

మీది 432 కిలోల కథ. ఆ టెస్టు ఎర్రగా ఉండి మీకు మేలు చేసింది. టెస్టును నొక్కకండి, వెర్షన్‌ను ఆపండి.

---

పాతకాపు · బుధవారం ఉదయం 8:00

తప్పులో సగం నాది. != 4.2.0 అనమని చెప్పింది నేనే. ఇప్పుడు < 4.2 అని రాయండి, ఆ వరుస మొత్తం ఆగుతుంది. ఒక రిలీజ్ ప్యాకింగ్‌లో మాత్రమే పొరపాటైతే != సరిపోతుంది, ఉదాహరణకు ఒక ఫైలు పెట్టడం మరిచిపోతే. ఆలోచించి మార్చిన మార్పు వల్ల తేడా వచ్చిందంటే మాత్రం తర్వాతి చిన్న వెర్షన్‌లో కూడా అది ఉండొచ్చు.

ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌కు మాత్రం నోడ్_నాయన చెప్పిందే రైటు. కస్టమర్ మెషిన్‌కు వెళ్ళేది అణాపైసలతో సహా లాక్ చేసి ఉండాలి, వీలైతే హ్యాష్‌లతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్రలు). ఆ విషయంలో వాదన లేదు.

---

నోడ్_నాయన · బుధవారం ఉదయం 8:10

ఈ మాట సోమవారమే చెప్పా. స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నా.

---

అలిపిరి_మెట్లు · బుధవారం రాత్రి 10:45

అవతలి గట్టు నుంచి ఒక మాట. నేనూ ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడుపుతున్నా, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట. జీతం లేదు, తిట్లు మాత్రం టైముకు వస్తాయి.

పైన చెప్పిన మార్కప్‌సేఫ్ సంగతే తీసుకోండి. వాళ్ళు చెప్పాపెట్టకుండా తీసేయలేదు. 2021లో 2.0 తెచ్చినప్పుడే ఆ ఫంక్షన్ పోతుందని వార్నింగ్ పెట్టారు. నెలల తరబడి టెస్టు లాగుల్లో వచ్చింది, ఎవరు చదివారు? పైటెస్ట్‌లో ఇలాంటి "ఇది పోబోతోంది" వార్నింగ్‌లను (డెప్రికేషన్) ఎర్రర్‌గా మార్చి రాత్రిపూట ఒక రన్ వేసుకుంటే ముందే తెలిసిపోయేది.

ఇక ఇష్యూ రాసేటప్పుడు "మా ప్రొడక్షన్ ఆగిపోయింది, అర్జెంట్" అని రాయకండి. మీ ప్రాజెక్ట్ లాగ్ 400 లైన్లు అంటించకండి. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో పాత వెర్షన్, కొత్త వెర్షన్, ఆరేడు లైన్ల కోడ్, ముందు ఏం వచ్చేది, ఇప్పుడు ఏం వస్తోంది. కరకంబాడి గారి 12.480 ఇష్యూ అయితే మూడు లైన్లలో తేలుతుంది. అంత శుభ్రంగా ఇస్తే నేనైతే ఆ రాత్రే చూస్తా.

నిజంగా చెడిపోయిన రిలీజ్ అయితే యాంక్ చేయమని అడగండి. పైథాన్ ప్యాకేజీల గిడ్డంగి పైపీఐలో, పెప్ 592 అనే పైథాన్ పత్రం ప్రకారం, అది ఉంది. యాంక్ అంటే తీసేయడం కాదు. ఫైలు అక్కడే ఉంటుంది, కాకపోతే కొత్తగా వెతికే పిప్ దాన్ని పక్కన పెడుతుంది. సరిగ్గా అదే వెర్షన్ కావాలని == తో పిన్ చేసుకున్నవాళ్ళకు మాత్రం దొరుకుతుంది. లెఫ్ట్‌ప్యాడ్ లాంటి గోల లేకుండా వెనక్కి తగ్గే దారి.

ఇంకో చిన్న సంగతి. "అదే నంబర్‌తో సరిచేసిన ఫైలు పెట్టేయొచ్చుగా" అని కొందరు అడుగుతారు. ఒకసారి పెట్టిన ఫైలు పేరుతో పైపీఐ మళ్ళీ ఎక్కించనివ్వదు, తీసేసినా సరే. అందుకే మాకు 4.2.1, 4.2.2 అని పోవడం తప్ప దారి లేదు.

---

మూడో_సంవత్సరం · గురువారం ఉదయం 9:05

అన్నా, అక్కా, అంతా లాక్ చేసేస్తే కొత్త వెర్షన్‌తో మన కోడ్ పనిచేస్తుందో లేదో ఎప్పుడు తెలుస్తుంది? లాక్ చేయకపోతే ఇలా అవుతుంది. మరి ఏది?

---

పాతకాపు · గురువారం ఉదయం 9:50

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, రెండూ. సీఐలో రెండు దారులు వేస్తాం.

ఒకటి లాక్ చేసిన వెర్షన్లతో. మెర్జ్ కావాలంటే ఇది పాస్ కావాల్సిందే. ఇది ఎర్రబడిందంటే, చాలావరకు, మనమే ఏదో చేశాం.

రెండోది ఆరోజుకు ఏవి కొత్తవైతే వాటితో, రోజుకొకసారి, ఎవరి మెర్జ్‌నూ ఆపకుండా. ఇది ఎర్రబడిందంటే లోకం మారింది. మెర్జ్ చేయబోయినవాడి మీద ఆ భారం పడదు. ఓపెన్‌స్టాక్ (క్లౌడ్ సాఫ్ట్‌వేర్) లాంటి పెద్ద ప్రాజెక్ట్ కూడా అప్పర్ కన్‌స్ట్రెయింట్స్ అని ఒకే ఫైలు పెట్టుకుని, అన్ని ఉప ప్రాజెక్టులనూ దాంతోనే టెస్ట్ చేస్తుంది. కొత్త వెర్షన్ రాగానే ఆ ఫైలు మార్చే ప్యాచ్ విడిగా వస్తుంది, టెస్టులు పాసైతేనే లోపలికి. అంటే ప్యాకేజీ మారడం కూడా ఒక కోడ్ మార్పే అయింది, దానికీ రివ్యూ ఉంది.

ఒక్క జాగ్రత్త. గిట్‌హబ్ సీఐలో క్రాన్ టైము (రోజూ ఏ వేళకు నడవాలో చెప్పే సెట్టింగ్) వేరే ఏమీ చెప్పకపోతే యూటీసీలోనే, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు పొద్దున ఆరుకు కావాలంటే 0:30 అని పెట్టు. మొదట్లో నేను 6 అని పెట్టి, పదకొండున్నరకు ఎందుకు వస్తోందని వారం రోజులు జుట్టు పీక్కున్నా.

---

టెస్టర్_అక్క · గురువారం ఉదయం 10:15

రెండో దారి బాగుంది, చూసేవాళ్ళు ఉంటేనే. ఎవరి మెర్జ్‌నూ ఆపదు కాబట్టి ఎవరికీ పట్టదు. మూడు చోట్ల చూశాను, మూడు చోట్లా మూడో నెలకల్లా అది అనాథ అయింది. వారానికొకరి వంతు అని పేరు రాసి గోడకు అంటించండి. లేదంటే ఫెయిలైన వెంటనే దానంతట అదే ఒక ఇష్యూ తెరిచేలా పెట్టండి.

---

నోడ్_నాయన · గురువారం ఉదయం 11:00

నా లెక్క వేరే. కొత్త వెర్షన్ వచ్చిన వారం దాకా ముట్టుకోను. పీఎన్‌పీఎం, రెనోవేట్ అనే టూల్స్‌లో మినిమమ్ రిలీజ్ ఏజ్ (రిలీజై ఇన్ని రోజులైనా గడవాలి) అని సెట్టింగే ఉంది, యూవీలో ఫలానా తారీఖు తర్వాతవి వద్దని చెప్పొచ్చు. 2022 జనవరిలో కలర్స్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని దాన్ని రాసినవాడే కావాలని చెడగొట్టి, అంతులేని లూప్ పెట్టి వదిలాడు. వెంటనే దించుకున్నవాళ్ళు మునిగారు, ఆగినవాళ్ళకు ఏమీ కాలేదు.

---

అలిపిరి_మెట్లు · గురువారం ఉదయం 11:20

అందరూ వారం ఆగితే తప్పును కనిపెట్టేదెవరు నాయనా? ఎనిమిదో రోజున అందరికీ ఒకేసారి పగులుతుంది.

---

నోడ్_నాయన · గురువారం ఉదయం 11:26

కావాలని చేసిన దుర్మార్గాన్ని పట్టేవాళ్ళు వేరే ఉన్నారు, కొత్త ప్యాకేజీలను స్కాన్ చేయడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు. మామూలు బగ్గులకు మీ మాట ఒప్పుకుంటా. సెక్యూరిటీ ప్యాచ్‌లకు కూడా వారం రూల్ పెట్టను.

---

పాతకాపు · గురువారం మధ్యాహ్నం 12:00

ఇద్దరివీ కలిపితే సరిపోతుంది. ఆ రెండో దారిలో, అంటే రాత్రి రన్‌లో, ఏ వయసు పట్టింపూ లేకుండా కొత్తవి, లాక్‌ఫైల్లోకి మాత్రం వారం వయసున్నవి.

< 4.2 గురించి ఒక హెచ్చరిక, కరకంబాడి గారూ. బెంగళూరులో మా పాత టీములో ఇలాంటి < ఒకటి నాలుగేళ్ళు ఉండిపోయింది. రాసినవాడు వెళ్ళిపోయాడు, ఎందుకు రాశాడో కామెంట్ లేదు, తీయాలంటే అందరికీ భయం. ఒకరోజు దాంట్లో సెక్యూరిటీ లోపం బయటపడింది, ఫిక్స్ కొత్త వెర్షన్‌లోనే ఉంది. నాలుగేళ్ళ మార్పులు ఒక్క రాత్రిలో మింగాల్సి వచ్చింది.

---

కరకంబాడి_రోడ్డు · తర్వాతి శనివారం మధ్యాహ్నం 3:40

ఆలస్యంగా చెబుతున్నా, మన్నించండి, మండీల చుట్టూ తిరగడమే సరిపోయింది.

బుధవారం రాత్రే లాక్‌ఫైల్ చేశాం. మేము పేరు పెట్టి అడిగినవి 14, లాక్‌ఫైల్లో తేలినవి 63. మిగతా 49 ఎవరివో, ఎందుకున్నాయో చదవడానికే ఒక పూట పట్టింది. మండీ స్క్రిప్ట్ ఇప్పుడు దాంతోనే ఎక్కిస్తుంది. ఆ షీట్‌లో తూకాన్ని ఇక అంకెగా వదిలేయడం లేదు, మూడు స్థానాలూ మా కోడే రాసి పంపుతోంది. ఇది వాళ్ళ మీద వదిలేయడమే అసలు మా తప్పని తర్వాత అర్థమైంది.

ఇష్యూ ట్రైనీ చేత రాయించాను, ఐదు లైన్ల కోడ్, అలిపిరి గారు చెప్పినట్టే. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు, 4.2.0ని యాంక్ చేశారు, నిన్న 4.2.2 వచ్చింది. రాత్రి రన్ పచ్చబడింది. < 4.2 లైను ఈరోజు తీసేశాం, తీసింది కూడా అతనే.

రాత్రి రన్‌కు వంతులు కూడా వేసుకున్నాం. మొదటి వారం నాది.

---

టెస్టర్_అక్క · శనివారం మధ్యాహ్నం 3:52

అన్నీ బాగున్నాయి. సోమవారం వెనక్కి తీసేసిన ఆ ఫాంట్ మార్పు మళ్ళీ పెట్టారా?

---

కరకంబాడి_రోడ్డు · శనివారం మధ్యాహ్నం 4:15

అయ్యో. ఇప్పుడే పెడుతున్నా అక్కా.